మాత్ర ఊళ్ళోనే, కొలత నంద్యాల్లో

పోయిన నెల ఆళ్ళగడ్డ వెళ్ళొచ్చాను. మా మేనత్తని చూసి రెండేళ్ళు దాటింది. ఇంట్లో అడుగు పెట్టగానే గోడకి వేలాడుతున్న కేలండరు మీద కన్ను పడింది. తేదీల గళ్ళల్లో నీలం ఇంకుతో 2, 3, 2, 3 అని అంకెలు. అక్కడక్కడా ఖాళీ గళ్ళు. ఒక చోట వరసగా రెండు సున్నాలు, వాటి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత.

"ఇదేంది అత్తా, చీటీపాట లెక్కా?" అన్నాను నవ్వుతూ.

"చీటీ కాదు నాయనా, నా రక్తం లెక్క" అంది. ఆమె మాత్రం నవ్వలేదు.

ఆ కేలండరు గురించే ఈ టపా. సాఫ్ట్‌వేరు వాడికి గుండెజబ్బుల గోల ఎందుకంటారా? నేను డాక్టర్ని కాను, ఆ ముక్క ముందే చెప్పేస్తున్నా. కానీ ఇందులో మనకి బాగా తెలిసిన సంగతి ఒకటుంది. రిలీజ్ చేసేసి చేతులు దులుపుకుంటే ఏమవుతుందో మనకంటే బాగా ఎవరికి తెలుసు?

అత్తకి చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్ళవాపులు వచ్చి వాటంతటవే తగ్గిపోయాయట. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాన్నే రుమాటిక్ ఫీవర్ అంటారు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ బ్యాక్టీరియా మీదకి యుద్ధానికి బయల్దేరిన ఒంటి రక్షణ వ్యవస్థ, పొరబాటున సొంత గుండె కవాటాల మీద కూడా పడుతుంది. సమయానికి పెన్సిలిన్ పడితే ఆపగలిగే జబ్బు. ఆపకపోతే కొన్నేళ్ళకో, కొన్ని దశాబ్దాలకో కవాటం గట్టిపడి కుంచించుకుపోతుంది. డబ్బున్న దేశాల్లో దాదాపు మర్చిపోయారు దీన్ని. మన దగ్గర ఇంకా ఉంది.

2011లో హైదరాబాదులో అత్తకి మైట్రల్ కవాటం మార్చారు. ఆరోగ్యశ్రీ కింద చేశారు, చేతినుంచి పెద్దగా పడలేదు. 2007లో మొదలైన ఆ పథకానికి ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది గానీ, అది లేకపోతే అత్త ఇవాళ ఉండేది కాదు. అందుకని ఆ పథకాన్ని తిట్టడానికి ఈ టపా రాయట్లేదు. పెట్టింది కూడా మన దేశపు సరుకే, చిత్ర వాల్వు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం తయారుచేసింది. 1990 డిసెంబరులో మొదటిసారి మనిషికి అమర్చారు. ఇప్పటికి లక్షకి పైగా గుండెల్లో కొట్టుకుంటోంది. వింటేనే గర్వంగా ఉంటుంది కదా.

అయితే లోహంతో, ప్లాస్టిక్‌తో చేసిన కవాటాన్ని రక్తం తనదనుకోదు. దాని మీద గడ్డకట్టడానికి చూస్తుంది. ఆ గడ్డ కవాటాన్ని బిగేసినా ప్రమాదమే, ఊడి మెదడుకి వెళ్తే పక్షవాతం. అందుకే జీవితాంతం రక్తం పలచన చేసే మాత్ర వేసుకోవాలి. అత్త వేసుకునేది ఎసినోకౌమరాల్. దాని అన్నలాంటిది వార్ఫరిన్.

నిజానికి ఈ మాత్ర రక్తాన్ని పలచన చెయ్యదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన కొన్ని ప్రొటీన్లని మన లివరు విటమిన్ కె సాయంతో తయారుచేస్తుంది. ఆ విటమిన్‌ని మళ్ళీ మళ్ళీ వాడుకోనివ్వకుండా ఈ మాత్ర అడ్డుపడుతుంది. దీని పుట్టుక కూడా విచిత్రమే. అమెరికాలో పాడైపోయిన ఒకరకం మేత తిన్న పశువులు రక్తం ఆగక చచ్చిపోతుంటే, విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ లింక్ అనే ఆయన కారణం వెతుక్కుంటూ పోయి ఈ జాతి మందుని పట్టుకున్నాడు. 1948లో వార్ఫరిన్ ఎలుకల మందుగా మార్కెట్లోకొచ్చింది. 1954లో మనుషుల మందయింది. మరుసటి ఏడాది గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి కూడా ఇదే ఇచ్చారు. అంటే ఎలుకకీ అధ్యక్షుడికీ తేడా డోసు ఒక్కటే :)

నవ్వొచ్చే మాటే గానీ అసలు కష్టమంతా అక్కడే ఉంది. తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. మధ్యలో సన్నటి దారి. ఆ దారిలో ఉన్నామా లేదా అని చెప్పే అంకె పేరు ఐఎన్‌ఆర్. మాత్ర వేసుకోని మామూలు మనిషికి ఇది 1 దగ్గర ఉంటుంది. మైట్రల్ చోట యంత్రపు కవాటం ఉన్నవాళ్ళకి 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలంటారు.

ఈ అంకె ఒకచోట నిలబడదు. మునగాకు పప్పు తింటే దిగుతుంది. ఫలానా యాంటీబయాటిక్ వేసుకుంటే ఎక్కుతుంది. విరేచనాలు పట్టుకుని రెండు రోజులు అన్నం తినకపోయినా ఎక్కుతుంది. పైగా ఇవాళ డోసు మారిస్తే దాని పూర్తి ఫలితం కనిపించేది మూడు నాలుగు రోజుల తర్వాతే. ఫీడ్‌బ్యాక్ ఆలస్యంగా వచ్చే సిస్టమ్‌ని కంగారుగా తిప్పితే ఏమవుతుంది? అటూ ఇటూ ఊగుతుంది. అత్త నోటుబుక్కులో సరిగ్గా అదే ఉంది. ఒకసారి 1.8 వచ్చిందని డోసు పెంచారు. వారానికి 5.2. భయపడి మాత్ర మొత్తం ఆపేశారు. తర్వాత 1.4. తప్పు ఎవరిదీ అనలేం. ఒక్కొక్కరూ ఒక్కో అంకె చూసి నిర్ణయం తీసుకున్నారు. మొత్తం గ్రాఫు చూసినవాళ్ళు లేరు.

కేలండరులో ఆ రెండు సున్నాల కథ కూడా చెప్తాను. గతేడాది అత్తకి విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్ళో ఒకాయన మెట్రోనిడజోల్ మాత్రలిచ్చాడు. విరేచనాలకి అది ఎప్పట్నించో ఇచ్చే మందే, కానీ ఈ రక్తం మాత్రతో కలిస్తే ఐఎన్‌ఆర్ విపరీతంగా పెరుగుతుంది. గుండె మాత్ర వేసుకుంటున్న సంగతి ఆయన అడగలేదు, అత్త చెప్పలేదు. విరేచనాలకీ గుండెకీ ఏం సంబంధం అనుకుంది పాపం. నాలుగో రోజుకి పళ్ళు తోముకుంటే చిగుళ్ళనుంచి రక్తం ఆగలేదు, చేతుల మీద నల్లటి మచ్చలు. మా బావ మోటారు సైకిలు మీద నంద్యాల తీసుకెళ్ళాడు. ఐఎన్‌ఆర్ 6.8. రెండు రోజులు మాత్ర ఆపమన్నారు. అవే ఆ సున్నాలు. దేవుడి దయవల్ల గట్టెక్కింది. అదే రక్తం మెదడులో కారి ఉంటే?

బావది శిల్పాల పని. ఆళ్ళగడ్డ రోడ్డు మీద వెళ్తూ ఉలి చప్పుడు వినే ఉంటారు. నంద్యాల వెళ్ళిన రోజు ఆయనకి పని లేదు, కూలీ లేదు. నలభై కిలోమీటర్లు పెద్ద దూరం కాదు అంటాం మనం, ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ తిరిగేవాళ్ళం కదా. కానీ పరీక్ష ఖర్చు, దారి ఖర్చు, పోయిన కూలీ కలిపితే, నెల రోజుల మాత్రలకంటే ఒక్క కొలతకే ఎక్కువవుతోంది. ఆళ్ళగడ్డలోనే రక్తం ఇచ్చి శాంపిల్ నంద్యాల పంపించవచ్చు. కానీ రిజల్టు మర్నాడొస్తుంది, అది చూసి డోసు చెప్పే మనిషి మళ్ళీ నంద్యాల్లోనే. అందుకే నెలకోసారి చేయించాల్సిన పరీక్ష మెల్లగా మూడు నెలలకోసారి అయింది. ఖాళీ గళ్ళు అలా వచ్చినవే.

ఇక నా తెలివి గురించి చెప్పుకోవాలి. ఆఫీసులో మా టీమ్ లీడ్ వాళ్ళ నాన్నగారు కూడా రక్తం పలచన మాత్రే వేసుకుంటారు. కొత్త రకం. పొద్దునొకటి, రాత్రొకటి, పరీక్షలు లేవు, ఆకుకూరల గోల లేదు. అది విని నాకు బుర్రలో బల్బు వెలిగింది. ఒక రాత్రి కూర్చుని గూగుల్ చేసి, ధరలు పోల్చి, బావకి ఫోన్ చేశాను. "బావా, రివరొక్సబాన్ అని ఉంది. అత్తకి అది మార్పిద్దాం. నంద్యాల తిరుగుడు తప్పుతుంది. డబ్బు నేను పంపిస్తా" అన్నాను. బావ ఎంత సంబరపడ్డాడో చెప్పలేను.

అదృష్టం కొద్దీ మందుల షాపుకి వెళ్ళకుండా ముందు నంద్యాలలో అత్తని చూసే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాడు. ఆయన నాకు ఫోన్ కలపమన్నారట.

"మీరేం చేస్తుంటారు?"

"సాఫ్ట్‌వేర్ సార్."

"అయితే మీకు చెప్తే అర్థమవుతుంది. ఈమెది యంత్రపు కవాటం. కొత్త మాత్రలు దీనికి పనిచెయ్యవు. ఇది అభిప్రాయం కాదు, పరీక్షించి చూసి వద్దనుకున్నది. ఇంకెప్పుడూ ఫోన్లో మందులు మార్చకండి."

సిగ్గుపడి కూర్చుని చదివాను. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. యంత్రపు కవాటాలున్నవాళ్ళకి వార్ఫరిన్ బదులు డాబిగట్రాన్ ఇచ్చి చూసిన రీ-అలైన్ అనే పరిశోధన ఫలితం 2013లో వచ్చింది. 252 మందిని చేర్చుకున్నాక మధ్యలోనే ఆపేశారు. డాబిగట్రాన్ వేసుకున్నవాళ్ళలో నూటికి ఐదుగురికి పక్షవాతం వచ్చింది, వార్ఫరిన్ వేసుకున్నవాళ్ళలో ఒక్కరికీ రాలేదు. రక్తస్రావం కూడా కొత్త మందుతోనే ఎక్కువ. 2022లో ఆన్-ఎక్స్ అనే రకం కవాటం ఉన్నవాళ్ళ మీద అపిక్సబాన్‌తో చేసిన ప్రయత్నాన్నీ గడ్డల వల్లే ఆపాల్సొచ్చింది.

ఇంకో పరిశోధన మన గురించే చేసినట్టుంటుంది. ఇన్‌విక్టస్ దాని పేరు, 2022లో అచ్చయింది. రుమాటిక్ గుండెజబ్బుతో పాటు గుండె లయ తప్పినవాళ్ళు, కవాటం ఇంకా మార్పించుకోనివాళ్ళు, ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల్లోని 24 దేశాలనుంచి సుమారు నాలుగున్నర వేల మంది. మన దేశం కూడా ఉంది. సగటు వయసు 50, నూటికి 72 మంది ఆడవాళ్ళు. అంటే అందరూ మా అత్తలే. సగం మందికి రివరొక్సబాన్, మిగతా సగానికి వార్ఫరిన్ లాంటి పాత మాత్ర. కొత్తది గెలుస్తుందనే చాలామంది అనుకున్నారు, కనీసం సమానంగానైనా నిలుస్తుందని. ఎందుకంటే పాత మాత్ర వాళ్ళలో మొదట్లో ఐఎన్‌ఆర్ సరైన చోట ఉన్నది మూడోవంతు మందికే. కానీ పక్షవాతం, గడ్డలు, గుండెపోటు, మరణం అన్నీ కలిపి లెక్కేస్తే రివరొక్సబాన్ వైపు 2275 మందిలో 560 మంది, పాత మాత్ర వైపు 2256 మందిలో 446 మంది. పాతదే నయం!

నాకు ఇందులో ఆసక్తిగా అనిపించిన విషయం ఇంకోటుంది. పాత మాత్ర వాళ్ళు రక్తపరీక్ష కోసం తరచూ ఆసుపత్రికి రావలసి వచ్చింది. పరిశోధన సాగేకొద్దీ వాళ్ళలో సగానికి పైగా జనం ఐఎన్‌ఆర్ సరైన చోటికొచ్చింది. అలా వచ్చిపోతుండటం వల్ల కూడా మేలు జరిగి ఉండొచ్చా అని కొందరు చర్చించారు. అది తేలిన విషయం కాదు. కానీ నెలనెలా ఎవరో ఒకరు పలకరించి, చూసి, అడిగే మనిషికీ, మాత్రల పొట్లం ఇచ్చి పంపేసిన మనిషికీ తేడా ఉండదా? నా మటుకు నేను ఉంటుందనే అనుకుంటున్నాను.

కొత్త మాత్రలు చెడ్డవని నేను అనట్లేదు. కాళ్ళలో గడ్డలు కట్టినవాళ్ళకి, కవాటాల జబ్బు లేకుండా గుండె లయ తప్పిన పెద్దవాళ్ళకి అవి నిజంగా వరమే. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని అత్యవసర మందుల జాబితాలో కూడా చేర్చింది. పేటెంట్లు తీరిపోయాక మన దగ్గర ధరలూ దిగాయి. టీమ్ లీడ్ వాళ్ళ నాన్నగారికి అది సరైన మందే. నా తప్పల్లా, ఆయన సొల్యూషన్‌ని రిక్వైర్‌మెంట్ చదవకుండా అత్తకి కాపీ పేస్ట్ చెయ్యబోవడం.

ఇంకో ముచ్చట. ఒకసారి అనుమానమొచ్చి బావ ఒకే రోజు రెండు ల్యాబుల్లో చేయించాడు. ఒకచోట 2.1, ఇంకోచోట 3.4. ఒకటి "పెంచు" అంటుంది, ఇంకోటి "అలాగే ఉంచు" అంటుంది. ఎందుకలా? ల్యాబులో కొలిచేది రక్తం గడ్డకట్టడానికి పట్టే సెకన్లు. దాన్ని మామూలు మనిషి సెకన్లతో భాగించి, ఆ వచ్చినదాన్ని ఐఎస్ఐ అనే ఘాతానికి ఎత్తితే ఐఎన్‌ఆర్. ల్యాబు వాడే రసాయనం ఎంత సున్నితమైనదో చెప్పేది ఆ ఐఎస్ఐ. ఏ రసాయనం వాడినా అందరికీ ఒకే అంకె రావాలని 1983లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన పద్ధతి ఇది. రోగికి 26 సెకన్లు, మామూలుగా 13 అనుకోండి, నిష్పత్తి 2. ఐఎస్ఐ 1 అయితే ఐఎన్‌ఆర్ 2. ఐఎస్ఐ 1.5 అయితే 2.8. రసాయనం కొత్త బ్యాచ్ వచ్చాక మిషన్లో పాత ఐఎస్ఐ అలాగే ఉంచేస్తే? హార్డ్‌కోడ్ చేసిన కాన్‌స్టంట్ అన్నమాట! నీలం మూత ట్యూబులో రక్తం గీత దాకా నింపకపోయినా లెక్క తప్పుతుంది. అందులో రక్తం తొమ్మిది పాళ్ళకి సిట్రేట్ ఒక పాలు ఉండాలి మరి. బావ వెళ్ళిన చోట ఏది జరిగిందో చెప్పలేను. డోసు మాత్రం ఆ అంకె మీదే నిర్ణయమవుతుంది.

మరి ఏం చెయ్యాలి? నిజం చెప్పొద్దూ, నాకు మొదట వచ్చిన ఆలోచన యాప్ రాద్దామని. మనకి చేతిలో సుత్తి ఉంది కదా, అన్నీ మేకులే. అత్త దగ్గరున్నది బటన్ల ఫోను. అయినా అక్కడ లేనిది యాప్ కాదు, ఆమె మూడు వారాలుగా రాలేదని గమనించి "ఏమ్మా, రాలేదే?" అని ఫోన్ చేసే మనిషి.

2022లో నంద్యాల జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. ఇలాంటి ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారానికి ఒక పూట, ఒక గది కేటాయిస్తే చాలు. వేలు గుచ్చి ఒక్క చుక్కతో నిమిషంలో ఐఎన్‌ఆర్ చెప్పే చేతి మిషన్ ఒకటి. డోసు ఎప్పుడు ఎంత మార్చాలో అచ్చేసిన చార్టు ఒకటి. శిక్షణ ఇచ్చిన నర్సో ఫార్మసిస్టో ఒకరు, అనుమానమొస్తే అడగడానికి డాక్టరు ఒకరు. రానివాళ్ళ పేర్లు రాసుకునే రిజిస్టరు. అదే మిషన్ నెలకి రెండుసార్లు ఆళ్ళగడ్డ వస్తే బావకి కూలీ పోదు.

ఇదేమీ గాల్లో మేడ కాదు. కెన్యాలో ఎల్డొరెట్ అనే ఊళ్ళో ప్రభుత్వ బోధనాసుపత్రిలో ఫార్మసిస్టులే ఇలాంటి క్లినిక్ నడిపి, డబ్బున్న దేశాల క్లినిక్కులకి తీసిపోని ఫలితాలు వచ్చాయని 2011లోనే అచ్చు వేశారు. కెన్యాలో అయింది కర్నూలు పక్కన కాదా?

స్ట్రిప్పులు ఖరీదు కదా అంటారు. నిజమే. కానీ కవాటం మార్చడానికి ప్రభుత్వం పెట్టిన డబ్బుతో పోల్చండి. కొన్ని ఆపరేషన్లకి తర్వాత ఏడాది పాటు ఫాలోఅప్ కూడా పథకంలో ఉంది. మాత్ర మాత్రం ఏడాదికి ఆగదు. అత్తకి ఇప్పటికే పదేళ్ళు దాటింది. కవాటం బిగుసుకుపోతే మళ్ళీ ఆపరేషన్, పక్షవాతం వస్తే ఇంట్లో ఇంకొకరు పని మానుకోవడం. అవి ఏ బడ్జెట్లో రాస్తారు? మెయింటెనెన్స్‌కి డబ్బు పెట్టకుండా ప్రాజెక్టు సక్సెస్ అని కేకు కోసుకున్నట్టుంది ఇది.

ప్రభుత్వం చేసేలోపు మనం చెయ్యగలిగినవి కొన్ని ఉన్నాయి. నేను ఇప్పుడు అత్త కోసం చేస్తున్నవి చెప్తాను. ప్రతిసారీ ఒకే ల్యాబు. తేదీ, ఐఎన్‌ఆర్, డోసు మూడూ ఒకే నోటుబుక్కులో, ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా అది చేతిలో ఉండాలి. పర్సులో ఒక చీటీ, పెద్ద అక్షరాల్లో తెలుగులో: "నాకు గుండెలో యంత్రపు కవాటం ఉంది, రక్తం గడ్డకట్టకుండా మాత్ర వేసుకుంటున్నాను." జ్వరానికైనా, పంటినొప్పికైనా, ఆరెంపీ దగ్గరైనా ముందు ఆ చీటీ చూపించాలి. ఏ కొత్త మందు మొదలుపెట్టినా డాక్టరుకి చెప్పి, నాలుగైదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చూపించుకోవాలి. ఒంటినొప్పులకి షాపులో అడిగి మాత్రలు కొనకూడదు. డోసు మాత్రం డాక్టరే చెప్పాలి, బెంగళూరు అల్లుడు కాదు.

అన్నట్టు, ఆకుకూరలు. ఆపరేషన్ అయినప్పుడు ఎవరో ఆకు ముట్టుకోవద్దన్నారని అత్త అన్నేళ్ళుగా పప్పులో ఆకు వెయ్యడం మానేసింది. మొన్న నంద్యాల డాక్టరుగారిని అడిగితే, "మానెయ్యక్కర్లేదమ్మా, రోజూ ఒకేలా తినండి చాలు, ఒకరోజు గంపెడు ఒకరోజు సున్నా వద్దు" అన్నారు. బయటికొచ్చాక అత్త చాలాసేపు ఏం మాట్లాడలేదు. బస్టాండు దగ్గర మాత్రం, "ఇన్నేండ్లు ఊరికే చప్పిడి పప్పు తింటి కదరా" అంది.

ఎవరూ ఆమెకి అబద్ధం చెప్పలేదు. అడిగే చోటు లేదంతే.

మీ ఇంట్లోనో చుట్టాల్లోనో ఈ మాత్ర వేసుకునేవాళ్ళు ఉండే ఉంటారు. ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు, "తిన్నారా, వానలు పడ్డాయా" తర్వాత ఇంకో ప్రశ్న వెయ్యండి. చివరిసారి ఐఎన్‌ఆర్ ఎంత వచ్చింది, ఎప్పుడు చేయించారు అని. అవతలినుంచి వెంటనే జవాబు రాకపోతే, వచ్చే ప్రయాణానికి టికెట్ తీసుకోండి.